నాలుగో నంబర్ కన్ను కొట్టిన తొమ్మిది రోజులు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ చిక్కు వచ్చినా దానికి జవాబు ఎప్పుడో అచ్చయిపోయి, మా లైబ్రరీలో ఏదో ఒక బీరువాలో నా కోసం దుమ్ము పట్టి కూర్చుని ఉంటుందని. డిగ్రీలో రెండు పేపర్లు మిగిలిపోయినా నేను పెద్దగా బాధపడలేదు. ఆ రెండు పేపర్లు పాసైన నా స్నేహితుల్లో ఒక్కడు కూడా తేనెటీగల పెంపకం గురించి గానీ, ఓడల లంగర్ల గురించి గానీ చదవలేదు. నేను చదివాను. (వరంగల్‌కు సముద్రం లేదు, మా ఇంట్లో తేనెటీగలు లేవు. అది వేరే సంగతి.) ఎవరైనా ఒక మాట అడిగితే చాలు, కారణాలు ఒకటి, రెండు, మూడు అంటూ వేళ్లు మడిచేవాడిని. అడిగినవాళ్లు నాలుగో వేలు దగ్గర ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయేవాళ్లు.

మా అక్కను హనుమకొండలో ఇచ్చారు. బావ చాలాకాలం జిరాక్స్ షాపు నడిపి, కాలేజీ పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చి నోట్సులన్నీ ఫొటోలైపోయాక, ఆ షాపు మూసేసి ఇంటి పై అంతస్తులో ఎనిమిది కంప్యూటర్లతో గేమింగ్ సెంటర్ పెట్టాడు. దాన్ని చూసుకోవడానికి నన్ను పిలిపించాడు. పిలిపించిన రోజే మెట్ల మీద నిలబెట్టి షరతు కూడా చెప్పాడు. "దసరా దాక చూస్త బామ్మర్ది. పని పట్టుకున్నవా, ఈడనే ఉండు. లేకపోతె తొర్రూరు మామ ఉండనే ఉన్నడు, పత్తి మిల్లుల తూకం కాడ కూసుందువు." తొర్రూరు మామ అంటే మా మేనమామ. మంచివాడే. కానీ ఆయన ఇంట్లో చదవడానికి ఉన్నది పంచాంగం ఒక్కటే, దాన్ని కూడా నేను రెండు వేసవి సెలవుల్లో పూర్తి చేసేశాను. హనుమకొండలో ఉంటే లైబ్రరీ పది నిమిషాల నడక. కాబట్టి నాకు ఆ దసరా అంటే పండుగ కాదు, పరీక్ష.

ఆ పరీక్షకు తారీఖు కూడా పడింది. దసరా మర్నాడు ఆదివారం, నాలుగు కాలేజీల పిల్లలతో మా సెంటర్లో పోటీ. బావ కాగితాలు కొట్టించి ఊరంతా అంటించాడు. పోటీకి అసలు ఆయువుపట్టు నాలుగో నంబర్ మిషిన్. (కంప్యూటర్‌ను బావ ఎప్పుడూ మిషిన్ అనే అనేవాడు, అందరికీ అదే అలవాటైంది.) దానిలో కొత్త గ్రాఫిక్స్ కార్డు ఉంది. బొమ్మల్ని తెర మీద గబగబా గీసే కార్డు అది. బావ దాన్ని హైదరాబాదు నుంచి బస్సులో, కిటికీ పక్క సీట్లో, పసిపాపను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ములుగు నుంచి వచ్చి ఇంజనీరింగు చదివే ఒక కుర్రాడు, మేమంతా 'ములుగన్న' అని పిలిచేవాళ్లం, ఆ మిషిన్ ఖాళీ లేకపోతే వరండాలో నిలబడి ఎదురుచూసేవాడే తప్ప వేరే దాని ముందు కూర్చునేవాడు కాదు. అతని జట్టే పోటీలో అందరికన్నా పెద్దది.

బతుకమ్మ మొదలయ్యే ముందు రోజు సాయంత్రం నుంచి వాన పట్టుకుంది. కింద మా అక్క బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వుకు రంగులు అద్దుతోంది. గులాబి ఒక బకెట్లో, ఊదా ఒక బకెట్లో. అద్దిన కట్టలు ఆరాలి కదా, దండెం మీద వేస్తే వాన, ఇంట్లో వేస్తే తేమ. అక్క మెట్ల కింద నిలబడి వానను తిడుతుంటే, నాకు ఒక పుస్తకంలో చదివిన వాక్యం మెరిసింది. తడి ఆరాలంటే వేడి ఒక్కటే చాలదు, కదిలే వేడి గాలి కావాలి. కదిలే వేడి గాలి మా పై అంతస్తులో ఎనిమిది చోట్ల ఊరికే పోతోంది! నేను ఒక్కో మిషిన్ వెనక చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఏది ఎక్కువ వేడి ఊదుతోందో పరీక్షించాను. నాలుగో నంబర్‌కు సాటి లేదు. దాని పక్క మూత కూడా విప్పేసి, తడి కట్టల్ని తాడుకు గుచ్చి లోపలి ఫ్యాన్లకు ఎదురుగా వేలాడదీశాను. తెల్లారేసరికి పువ్వులు గలగలలాడుతున్నాయి. వాటిని దింపి, మూత బిగించి, బుట్టెడు కిందికి పట్టుకెళ్తే అక్క వాడకట్టు ఆడవాళ్లందరికీ చూపించింది. "మా తమ్ముని చదువు ఇన్నేండ్లకు అక్కరకొచ్చిందొదినా!" ఆ మాట నా చెవుల్లో తొమ్మిది రోజులు మోగింది. అది మోగినంతసేపూ నాకు ఇంకేమీ వినపడలేదు.

(ఈపాటికి తప్పు ఎక్కడుందో మీకు తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు. అదే ఈ కథ.)

ఆ మధ్యాహ్నమే ములుగన్న కేక పెట్టాడు. "అన్నా, జర ఇటు రా! స్క్రీన్ కన్ను కొడతాంది!" నేను వెళ్లేసరికి తెర నిజంగానే కన్ను కొడుతోంది. మినుకు మినుకుమని రెండుసార్లు, ఆగి ఇంకోసారి, తర్వాత గళ్లు గళ్లుగా రంగులు చిమ్మి, ఒక్కసారిగా నల్లబడిపోయింది. తిరిగి ఆన్ చేస్తే మామూలుగా వచ్చింది. ఇరవై నిమిషాలు ఆడాడు. సరిగ్గా కోట తలుపు బద్దలయ్యే ఘట్టానికి మళ్లీ కన్ను కొట్టి చచ్చింది. మూడోసారీ అంతే. "తలుపు పగలంగనే పోతాంది అన్నా. లోపల ఎవడున్నడో ఇగ ఈ జన్మల తెల్వదు" అన్నాడు ములుగన్న. బావ మెట్లెక్కి వచ్చి, నల్లటి తెరలో తన మొహం చూసుకుని, నెమ్మదిగా అన్నాడు, "ఆదివారం లోపల కావాలె. లేకపోతె సోమవారం పొద్దుగాల తొర్రూరు బస్సు."

నేను నేరుగా లైబ్రరీకి పరుగెత్తాను. ములుగన్న ఫోన్లో ఏదో వెతికి చూపించబోతే, "నెట్ల ఎవడైన రాస్తడు తమ్మీ, పుస్తకంల అట్ల కాదు" అని కొట్టిపారేశాను. లైబ్రరీ సారు బీరువా తీసి, అట్ట లేని ఒక పుస్తకం ఇచ్చారు. కంప్యూటర్లు ఇంకా బీరువాలంత ఉన్న రోజుల్లో ఎవరో మహానుభావుడు రాసినది. అందులో 'తెర వణకుటకు గల కారణములు' అని ఒక అధ్యాయమే ఉంది. నా గుండె పొంగింది. ఒక వరుస, ఒక పద్ధతి. మొదటిది కానిచో రెండవది, రెండవది కానిచో మూడవది. వరుస తప్పితే అది శాస్త్రం కాదు, అదృష్టం అని నేను అప్పట్లో అనేవాడిని.

మొదటి కారణం, సమీపమున అయస్కాంతములుండుట. నేను స్పీకర్లన్నీ పీకి వరండాలో పెట్టాను. ఆటలో బాంబులు పేలుతుంటే చప్పుడు లేకపోయేసరికి పిల్లలు నోటితో పేల్చుకున్నారు. రెండవది, గొట్టపు దీపముల కాంతి. ట్యూబులైట్లు ఆర్పేశాను, ఎవరి చెప్పులు ఎవరు వేసుకుపోయారో రెండు రోజులు పంచాయితీ నడిచింది. మూడవది, బల్ల కదులుట. కాళ్ల కింద అట్టముక్కలు పెట్టాను. నాలుగవది, భూమిలోనికి పోవు తీగ వద్ద తేమ చాలకుండుట. దానికి గుంటలో రోజూ నీళ్లు పోయాలి. వాన కురుస్తూనే ఉంది. నేను ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో బకెట్ పట్టుకుని, నీళ్లు నిండిన గుంటలో నీళ్లు పోస్తుంటే, బతుకమ్మలు ఎత్తుకుని పోతున్న ఆడవాళ్లు ఆగి మరీ చూశారు. "ఏం జేస్తాండే ఆ పిలగాడు?" అని ఒకామె. "మిషిన్‌కు నీళ్లు తాపుతాండట" అని ఇంకొకామె. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. జాలిపడ్డారు.

ఐదవ కారణం దగ్గర నాకు నిజంగా దారి దొరికిందనుకున్నాను. విద్యుత్తు హెచ్చుతగ్గులు! మా పక్కిల్లే పిండి గిర్ని. అది తిరుగుతుంటే మా బల్బులు డల్ అవుతాయి. తెర మినుకుమనడం, గిర్ని గరగరమనడం ఒకేసారి జరుగుతున్నాయని కాగితం మీద గీతలు గీసి రుజువు చేసుకున్నాను. (గిర్ని పొద్దంతా ఆగకుండా తిరుగుతోంది కాబట్టి ఏది జరిగినా దానితో ఒకేసారే జరుగుతుంది. ఇది నాకు పది సంవత్సరాల తర్వాత తోచింది.) తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ దగ్గరపడింది, నైవేద్యాల మలీదకూ సత్తుకూ పిండి పట్టించుకునేవాళ్లు డబ్బాలతో వీధి చివరిదాకా లైను కట్టారు. ఆ లైను చీల్చుకుంటూ వెళ్లి నేను గిర్ని కాకతో, అరగంట బందు పెట్టమని అడిగాను.

కాక పిండి పట్టిన కనుబొమ్మలు ఎత్తి నన్ను చూశాడు. "ఏందిరా? పండుగ పూట గిర్ని బందు పెట్టాల్నా? ఎవరన్న పోయిండ్రా?"

"పోలేదు కాకా. మా నాలుగో నంబర్ మిషిన్..."

"ఆడుకునే మిషినా?" లైన్లోంచి ఒక పెద్దామె అందుకుంది. "మేం పిండి లేక నిలబడితె, పిలగాండ్లు ఆడుకోనీకి గిర్ని ఆపాల్నట! నీ తలకాయల ఏమున్నది బిడ్డా?"

"విద్యుత్తు హెచ్చుతగ్గులు పెద్దమ్మా" అన్నాను, తలకాయలో ఉన్నదే చెప్పాను. లైను మొత్తం భగ్గుమంది. చివరికి మా అక్క మొహం చూసి కాక పది నిమిషాలు ఇచ్చాడు, అది కూడా బెల్టు సవరించుకునే నెపంతో. నేను మూడేసి మెట్లు దూకి పైకి పోయి, ముందు నుంచే ఆడుతూ ఉండమని చెప్పిన ములుగన్న వెనక నిలబడ్డాను. వీధిలో నిశ్శబ్దం. కోట తలుపు దగ్గరికి వచ్చింది. తెర నన్ను చూసి, నెమ్మదిగా, తీరుబడిగా కన్ను కొట్టింది. కింద నుంచి కాక కేక, "అయ్యిందారా?" కిటికీలోంచి కాలేదని చెయ్యి ఊపాను. గిర్ని గరగరా మొదలైంది. ఆ గరగరలో లైన్లోని ఆడవాళ్ల నవ్వు కూడా కలిసి వచ్చింది. అప్పుడు మాత్రం నవ్వారు.

తర్వాతి రోజుల్లో నేను ఒకచోట కూర్చున్నది లేదు. అన్నం ముందు కూర్చుంటే లైబ్రరీ గుర్తొచ్చేది, లైబ్రరీలో కూర్చుంటే మిషిన్ గుర్తొచ్చేది, మిషిన్ ముందు కూర్చుంటే తొర్రూరు బస్సు గుర్తొచ్చేది. సాఫ్టువేరు తిరిగి వేయవలెనని ఆరవ కారణంలో ఉంటే, పొద్దున వేసి, మధ్యాహ్నం తీసి, సాయంత్రం పాతది వేశాను. తెర మీద అక్షరాలు ఎన్నికల గోడరాతలంత పెద్దవైపోయాయి, కన్ను కొట్టడం మాత్రం మానలేదు. "కార్డుకు డ్రైవర్లను మారుస్తనే ఉన్నవన్నా. బండి మాత్రం ఆడనే ఆగుతాంది" అన్నాడు ములుగన్న, ఎంతో మర్యాదగా. అతని జట్టు వాళ్లు చౌరస్తా అవతల ఉన్న ఇంకో సెంటర్ వైపు చూడటం మొదలుపెట్టారు. ఏడవ కారణం తీగలు వదులగుట. బిగించాను. ఎనిమిదవ కారణం పేజీ చివరన ఇలా ఉంది: 'ఇవేవియు కానిచో, మూతను విప్పి'. తర్వాతి పేజీ లేదు. దాని తర్వాతవి కూడా లేవు.

నేను లైబ్రరీ సారు బల్ల ముందు నిలబడ్డాను. "సార్, విప్పి ఏం జెయ్యాలె?"

"ఏది విప్పి?"

"మూత."

ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "విప్పితే కనబడుతదేమో గదా" అన్నారు.

ఆ జవాబు నాకు చాలా అశాస్త్రీయంగా తోచింది. విప్పిన తర్వాత ఏం చెయ్యాలో తెలియకుండా విప్పేది ఎట్లా? పువ్వుల కోసం మూత విప్పడం వేరు, మరమ్మతు కోసం విప్పడం వేరు. రెండోదానికి ఆధారం కావాలి. ఇదీ నా వాదన. ఆ వాదనతో సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం దాకా, మూత ముందే కూర్చుని, మూత ముట్టకుండా గడిపాను.

ఆ మధ్యాహ్నం అక్క రెండు బకెట్లతో పైకి వచ్చింది. సద్దులకు పెద్ద బతుకమ్మ పేర్చాలి, మళ్లీ గునుగు, మళ్లీ రంగులు, బయట మళ్లీ చినుకులు. నేను మొహం వేలాడేసుకుని ఉన్నాను కాబట్టి నన్ను కదిలించకుండా, తనే చిల్లర బిళ్లతో మరలు తిప్పి, ఊరగాయ జాడీ మూత తీసినంత తేలికగా ఆ పక్క మూత తీసి పక్కన పెట్టింది. తీసి, అట్లాగే వంగి ఉండిపోయింది.

"తమ్మీ."

"ఊ."

"లోపల బతుకమ్మ పేర్చినవేందిరా?"

వంగి చూశాను. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను కనబడలేదు. దాని చోట గులాబి రంగు, ఊదా రంగు నూగు, ఒకదాని మీద ఒకటి వరుసలుగా, పరుపులా పేరుకుని ఉంది. రెక్కల సందుల్లో, ఇరుసు చుట్టూ పొట్టు చుట్టుకుపోయి, ఆవాల కన్నా చిన్నవి నల్లటి మెరిసే గింజలు దానిలో పొదిగినట్టు ఉన్నాయి. ఫ్యాను గాలి ఊదుతుందనే నేను చదివాను. ఊదాలంటే ముందు పీల్చాలి కదా అన్నది పుస్తకంలో లేదు, ఉన్నా నేను ఆ వాక్యం దాటేసి ఉంటాను. రాత్రంతా నేను ఎదురుగా వేలాడదీసిన గునుగును అది పీల్చుకుని దిగమింగింది. పొద్దున నేనే మూత బిగించాను. పాపం, ఆ కార్డు ముక్కులో దూది కుక్కుకుని ఎండలో పరుగెత్తినట్టు ఇరవై నిమిషాలు పరుగెత్తి, కోట తలుపు దగ్గర వేడెక్కి సొమ్మసిల్లుతోంది. అది కన్ను కొట్టలేదు. తొమ్మిది రోజులుగా నాకు సైగ చేస్తోంది.

"ఓరి నీ పుస్తకం పాడుగాను!" అని అక్క మెట్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ప్లగ్గు పీకి, పాత టూత్‌బ్రష్షుతో నేను, జడ పిన్నుతో అక్క, పేపరు పరిచి గంటసేపు శుభ్రం చేశాం. ఆన్ చేశాక ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. నాకు ఆట రాదు, అక్కకు అసలు రాదు, అందుకని ములుగన్నను పిలిచాం. ఇరవై నిమిషాలు. కోట తలుపు పగిలింది. తెర రెప్ప వాల్చలేదు. లోపల ఒక ముసలి రాజు కూర్చుని ఉన్నాడు. "వీడేనా!" అన్నాడు ములుగన్న నిరాశగా.

సాయంత్రం బావ అడిగాడు, "ఏమైంది దానికి?" అక్క నా వైపు చూసింది. "కార్డు వేడెక్కింది బావా. సాఫ్ చేసినం" అన్నాను. అబద్ధం కాదు. "వేడెందుకెక్కింది?" అంటే, వేడి ఎన్ని రకాలుగా ప్రయాణిస్తుందో చెప్పడం మొదలుపెట్టాను. మూడో వేలు మడిచేలోపే బావ "సరె, సరె" అంటూ కిందికి దిగిపోయాడు. జీవితంలో మొదటిసారి నా పాండిత్యం నన్ను కాపాడింది. ఆదివారం పోటీ ఏ ఆటంకం లేకుండా జరిగింది. (ములుగన్న జట్టు ఓడిపోయింది. తప్పు మిషిన్‌ది కాదని అతనే అందరికీ చెప్పాడు, అది విని నాకు కన్నీళ్లు వచ్చాయి.)

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. బావ వచ్చిన ప్రతివాడితో "మా బామ్మర్ది పుస్తకం చదివి బాగుచేసిండు" అని చెప్పడం మొదలుపెట్టాడు. సోమవారం పొద్దునకు మా మెట్ల మీద మూడు మిక్సీలు, ఒక గోడ గడియారం, ఒక ఇస్త్రీపెట్టె చేరాయి. గిర్ని కాక తానే స్వయంగా వచ్చి, "ఆ రోజు ఊకె నవ్వినంరా, ఏమనుకోకు. జర మా మోటరు కూడ చూడు, ఒకటే అదురుతాంది" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకు నేను ఆగలేకపోయాను. ఇంట్లోకి పోయి, టిఫిను తింటున్న బావ ముందు నిలబడి, పువ్వులు, తాడు, మూత, అన్నీ ఒప్పుకున్నాను. తొర్రూరు బస్సు ఎన్నింటికో కూడా నేనే అడిగాను.

బావ ఇడ్లీ ముక్క చట్నీలో తిప్పుతూనే ఉన్నాడు. "నాకు సద్దుల నాడే ఎరుక. మీ అక్క నా దగ్గర ఏం దాస్తది? అప్పుడే తొర్రూరుకు ఫోన్ కొట్టిన. సంగతంత జెప్పి, వీణ్ణి తీస్కపో మామా అన్న."

"మామ ఏమన్నడు?"

"వద్దల్లుడా అన్నడు. పచ్చి పత్తి మస్తుగ వస్తాంది, వాడు దాన్ని ఏ మిషిన్‌కు కట్టి ఆరబెడుతడో, మిల్లంత తగలబెడుతడో, నాకంత ధైర్యం లేదు, ఆడనే ఉంచుకో అన్నడు." బావ తలెత్తి మొదటిసారి నవ్వాడు. "ఏం జేస్త ఇగ? ఉండు."

అట్లా నేను హనుమకొండలో నిలబడిపోయాను. నా చదువును నమ్మి కాదు, నా చదువంటే భయపడి.

ఇప్పుడు నాకు సొంతంగా కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. మొన్న ఏటూరునాగారం నుంచి ఒక ఇంటర్ చదివే అమ్మాయి, సంచిలోని కంప్యూటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. ఆట ఆడుతుంటే తెర మినుకుమంటోందట. ఆన్ చెయ్యగానే ఫ్యాను చప్పుడు విని నాకు సంగతి అర్థమైపోయింది, చెయ్యి మరల మీదికి పోయింది కూడా. అంతలో ఆ పిల్ల నోట్‌బుక్కు తీసి, "కారణాలు రాసుకొచ్చిన సార్, చదవాల్నా?" అంది. రెండు పేజీలు నిండా ఉన్నాయి, కింద గీతలు, పక్కన గుర్తులు. షాపులో ఇంకో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. నేను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, స్టూలు చూపించి, "చదువమ్మా, మొదటి నుంచి" అన్నాను. ఆ పిల్ల గొంతు సవరించుకుని, ఎడమచేతి చిటికెన వేలు మడిచింది.